దుబాయ్ పోయొచ్చినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు, మీకెవరికైనా ఇట్లా అయిందా?

కపిలతీర్థం_రోడ్:

అందరికీ నమస్తే. మూడు రోజులుగా రాసేది, తుడిపేసేది, ఇదే పనిగా ఉండా, ఈరోజు ఎట్లైనా పెట్టేద్దామని కూర్చున్నా. పెద్ద పోస్టే, రవంత ఓపిక పెట్టి చదవండి.

మాది తిరుపతి. నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, మా ఆయన బ్యాంకులో క్లర్కు. జూన్ నెలాఖరులో, పిల్లలకు ఒక వారం స్కూలు పోతే పోయిందిలే అనుకుని నలుగురం దుబాయ్ పోయొచ్చినాం. ఎండాకాలం అక్కడ సీజన్ కాదు, హోటళ్ళు టికెట్లు తక్కువకొస్తాయని మా మరిది చెప్తే చెన్నై నుంచి బుక్ చేసుకున్నాం. రెండేండ్లు చీటీ కట్టి దాచుకున్న లెక్క అది. మొదటి రెండు రోజులు బాగా తిరిగినాం. అబ్రా అని చెక్కపడవ ఉంటుంది, ఒక్క దిర్హాము ఇస్తే క్రీక్ (ఊరి మధ్యలో ఉండే సముద్రపు పాయ) దాటిస్తారు, పిల్లలు దాంట్లో అటూ ఇటూ నాలుగు సార్లు తిరిగినారు. బుర్జ్ ఖలీఫా ఎక్కినాం, 828 మీటర్లమ్మా అని పెద్దోడు ఒకటే పాట.

మూడో రోజు పొద్దున రూము బయట కారిడార్లో మా చిన్నోడు బొరుగుల కవరు పట్టుకుని పరిగెత్తి పడేసినాడు. ఇంటి నుంచి తీసుకుపోయిన కారం బొరుగులు, కార్పెట్ అంతా పడిపోయినాయి. నేను కోపంలో "ఏందిరా ఇది, ఇప్పుడు ఎవరెత్తుతారు" అని అరిచినా. వెనకనుంచి "ఉండనీలేమ్మా, బిడ్డ కదా, నేనెత్తుతా" అని వినపడింది. తిరిగి చూస్తే క్లీనింగ్ బండి పక్కన యూనిఫాంలో ఒకామె. ఆ యాస వింటానే నాకు తెలిసిపోయింది. యా ఊరు మా అని అడిగితే పీలేరు పక్కన అనింది. నాది చంద్రగిరి పక్కన పల్లె, ఇప్పుడు తిరుపతిలో ఉంటాం అని చెప్పినా. ఆమె అడిగిన మొదటి మాట ఏందో తెలుసా, "గంగ జాతర అయిపోయిందా మా? ఈతూరి మాతంగి వేషాలు బాగా కట్టినారా?" అని. చిన్నప్పుడు వాళ్ళ అవ్వ చెయ్యి పట్టుకుని తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వచ్చేదంట. ఆ మాటలు మాట్లాడతానే మోకాళ్ళ మీద కూర్చుని కార్పెట్ మీద బొరుగులు ఏరతా ఉండాది, నేను కూడా వంగబోతే వద్దు వద్దు కెమెరా ఉంటాది మా, నాకు మాటొస్తాది అనింది. కవర్లో మిగిలినవి ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కవరు మూతి మడతమీద మడత పెట్టి బండిలో టవళ్ళ కింద దాచుకుంది. గెస్టుల తావ ఏమీ తీసుకోకూడదంట.

ఆ తర్వాత రోజూ ఐదు పది నిమిషాలు మాట్లాడుకున్నాం. నా ఏడులో పుట్టినామె. ఏడో క్లాసులో మాన్పించినారంట, నాయన చనిపోతే మామిడి తోపుల్లో కూలికి పోవాల్సొచ్చి. ఏజెంటు 80 వేలు తీసుకుని విజిట్ వీసా మీద పంపినాడు, వచ్చినాక క్లీనింగ్ కంపెనీలో పెట్టినాడు. నెలకు 900 దిర్హాములు. రూములో ఎనిమిది మంది. తెల్లారి నాలుగున్నరకు కంపెనీ బస్సు. పాస్‌పోర్టు కంపెనీ తావే ఉండాది అని మామూలుగా చెప్పింది, నా హ్యాండ్‌బ్యాగులో నాలుగు పాస్‌పోర్టులు ఉండాయి అప్పుడు. రెండున్నరేండ్లు అయింది ఊరు చూసి. కూతురు ఇంటర్ చదువుతా ఉండాది, అవ్వ తావ ఉంటుంది. మేం నలుగురం ఒక సాయంత్రం బుర్జ్ ఖలీఫా ఎక్కడానికి పెట్టింది ఆమె నెల జీతానికి దగ్గర దగ్గర. ఆ లెక్క నేను కావాలని వేయలేదు, అదే తలలోకి వచ్చేసింది.

అప్పటి నుంచి యాడికి పోయినా అదే కనపడేది. మధ్యాన్నం రెండింటికి ఏసీ కార్లో పోతా ఉంటే ఫ్లైఓవర్ నీడలో పనోళ్ళు మొహాల మీద తుండుగుడ్డలు కప్పుకుని వరసగా పడుకుని ఉండారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం ఉందంట, మా మరిది చెప్పినాడు. హమ్మయ్య అనుకున్నా, మళ్ళీ మూడు గంటలకు మాత్రం ఎండ తగ్గుతుందా అనిపించింది. రోడ్డు మధ్యలో పచ్చగడ్డికి నీళ్ళు చిమ్ముతా ఉంటాయి, అదంతా సముద్రం నీళ్ళను మంచినీళ్ళు చేసి తెచ్చేది కదా, కల్యాణి డ్యాంలో నీళ్ళు అడుగంటితే ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే మాకు ఆ గడ్డి చూస్తే ఏందోగా ఉండేది.

ఇప్పుడు అసలు విషయం. ఐదో రోజు నేను ఆమెకు 100 దిర్హాములు చేతిలో పెట్టినా. వద్దు మా వద్దు మా అని రెండు సార్లు అనింది. పాపకు అని చెప్పి బలవంతంగా పెట్టినా, తీసుకుంది. మర్నాటి పొద్దున నుంచి ఆమె నన్ను "మా" అనలేదు. "గుడ్ మార్నింగ్ మేడం" అనింది. అంతకుముందు సూపర్‌వైజర్ ఉన్నప్పుడే మేడం అనేది, ఎవరూ లేనప్పుడు మా అనేది. ఆ రోజు కారిడార్లో ఎవరూ లేరు.

చివరి రోజు "మేడం, తప్పుగా అనుకోకపోతే" అని ఒక కవరు ఇచ్చింది కూతురికి ఇవ్వమని. నిడో పాలపొడి డబ్బా, రెండు టైగర్ బామ్ సీసాలు, ఒక సెంటు బాటిల్. మా బ్యాగులో తెచ్చినా. వారం నుంచి మా హాల్లో షెల్ఫ్ మీదుంది అది, పీలేరు పోవాలంటే కాళ్ళు రావడం లేదు, ఆ అవ్వకు ఏం చెప్పాలి.

నేను తప్పు చేసినానా? లెక్క ఇవ్వకుండా ఉండాల్సిందా? మా ఆయన ఎక్కువ ఆలోచిస్తా ఉండావు అంటాడు. నాకు మాత్రం ఆ ట్రిప్ ఫోటోలు తెరవబుద్ధి కావడం లేదు.

చిత్తూరు_గాంధీరోడ్:

అక్కా, మీ మనసు మంచిది, అందుకే బాధపడతా ఉండారు. కానీ నాకు తెలిసింది చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. ఆ 900 దిర్హాములు ఇరవై వేల పైనే. పీలేరులో ఏడో క్లాసు చదివిన ఆడమనిషికి నెలనెలా ఇరవై వేలు ఎవరిస్తారు? మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలో రెండు నెలలు పనుంటుంది, మిగతా పది నెలలు? మా పెద్దమ్మ కొడుకు కువైట్లో డ్రైవరుగా పద్నాలుగేండ్లు చేసి ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసినాడు, ఇల్లు కట్టినాడు. రాయచోటి, రాజంపేట పోయి చూడండి, ఆ మేడలన్నీ ఏ లెక్కతో లేచినాయో. వాళ్ళను పాపం పాపం అని చూస్తే వాళ్ళకు నచ్చదు. మా అన్నను ఎవరైనా అట్లా చూస్తే లేచి పోతాడు.

మీరు పోకుండా ఉంటే ఆమెకేం లాభం? టూరిస్టులు రాకపోతే ఆ హోటల్లో ముందు తీసేసేది వాళ్ళనే. కరోనా టైములో అదే జరిగింది, మా అన్న నాలుగు నెలలు జీతం లేకుండా రూములో కూర్చున్నాడు.

ఇంకో మాట, కవరు తెచ్చినారు సరే, విప్పి చూసినారా? మంచామె కావచ్చు, కాదనను. అయినా ఎయిర్‌పోర్టులో మన బ్యాగులో ఏది దొరికినా మనదే బాధ్యత. ఇంకొకరు ఇచ్చింది సీలు వేసుంటే తేవద్దు, ముందరే విప్పి చూసి మన చేత్తో మనమే సర్దుకోవాలి. తెలిసినోళ్ళకైనా ఇదే చెప్తా నేను.

కపిలతీర్థం_రోడ్:

విప్పే ఇచ్చింది తమ్ముడూ, నా ముందరే ఒక్కొక్కటి తీసి చూపించి పెట్టింది. పాలపొడి సీలు మాత్రం తీయలేదు, షాపు బిల్లు కూడా కవర్లోనే పెట్టింది. నువ్వు చెప్పిన లెక్కలు కరెక్టే, కాదనను. అయినా ఆమెకు ఇరవై వేలు వస్తా ఉండాది కాబట్టి నాకు బాధ ఉండకూడదు అంటే అది నాకు అంటుకోవడం లేదు.

ఇరవై_వీసా:

నేను మదనపల్లి తట్టు పల్లె. 2006లో పోయి 2019లో వచ్చేసినా, కువైట్లో ఇంట్లో పని. మా పాప టైపు చేసి పెడతా ఉండాది, తప్పులుంటే ఏమనుకోవద్దండి.

మాది ఇరవై నంబరు వీసా. అంటే ఇంటి పని వీసా, కంపెనీ వాళ్ళది పద్దెనిమిది. మమ్మల్ని ఖద్దామా అంటారు ఆడ. ఇంటాయన బాబా, ఇంటామె మామా. నాకు మొదట్లో 40 దినార్లు. 2015లో ఇంటి పనోళ్ళకని చట్టం తెచ్చినారు, ఆ తర్వాత తక్కువలో తక్కువ 60 దినార్లు ఇయ్యాలని, రోజుకు 12 గంటలకు మించి చేయించకూడదని, వారానికొక రోజు సెలవని, పాస్‌పోర్టు పెట్టుకోకూడదని అన్నారు. కాయితంలో ఉండేది అది. నా రెండో ఇంట్లో మామా శానా మంచిది, చట్టం రాకముందే శుక్రవారం పూట బయటికి పంపేది. మొదటి ఇంట్లో చట్టం వచ్చింటే కూడా ఏమీ మారుండేది కాదు. అదంతా తలుపు లోపల సంగతి, ఎవురు చూస్తారు.

మీరు అడిగిందానికి చెప్తా. మామా వాళ్ళతో పాటు మాల్‌కు పోతే బిడ్డను ఎత్తుకుని వెనకాల నడిచేదాన్ని. ఆడ మన తెలుగోళ్ళు కనపడేవాళ్ళు, కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు, వాళ్ళ ఇంటికొచ్చిన చుట్టాలు. తెలుగు మాట చెవిన పడితే ప్రాణం లేచొచ్చేది. నవ్వు మొహంతో చూసేదాన్ని. నన్ను చూసి, నా గుడ్డలు చూసి, మొహం పక్కకు తిప్పుకుని బిడ్డలతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు. అట్లా ఎన్నిసార్లో. ఒకసారి ఎస్కలేటర్ తావ ఒకామె "తెలుగా?" అని అడిగింది. అంతే, ఒక్క మాట. నేను ఆ రాత్రి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పినా, ఈరోజు ఒకామె నాతో తెలుగులో మాట్లాడిందని. పేరు కూడా తెలీదు ఆమెది.

కాబట్టి మీరు మాట్లాడినారు చూడు, అది చిన్నదని అనుకోవద్దు.

లెక్క సంగతంటారా, వద్దని ఎవురూ అనుకోరు. మేము పోయిందే లెక్క కోసం. కానీ రెండు మూడు రోజులు నువ్వూ నేనూ ఒక ఊరోళ్ళం అని మాట్లాడి ఉన్నట్టుండి నోటు చేతిలో పెడితే, ఓహో ఈమె ఇచ్చే మనిషి, నేను తీసుకునే మనిషి అని గుర్తుకొస్తాది. గుర్తుకొచ్చినాక మా అనాలంటే నోరు రాదు. ఆమెకు మీ మీద కోపం వచ్చిందని అనుకోవద్దు. కోపం వచ్చింటే కూతురికి పంపే సామాను మీ చేతికిచ్చేది కాదు.

ఇంకొకటి. 2024 జూన్ 12న కువైట్లో మంగాఫ్‌లో పనోళ్ళుండే బిల్డింగ్ కాలిపోయింది కదా, మనదేశం వాళ్ళే నలభై మందికి పైన పోయినారు. ఆ రోజు పొద్దున్నుంచి మా పల్లెలో ఎవురింట్లోనూ పొయ్యి ముట్టించలేదు, అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. రూములో ఎనిమిది మంది అని మీరు రాసినారు. ఆ మాట చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

లాడ్జి_నైట్‌డ్యూటీ:

నేను తిరుపతిలో ఒక లాడ్జిలో పనిచేస్తా. ఆరేండ్లు రూం బాయ్‌గా చేసి ఇప్పుడు రిసెప్షన్‌లో నైట్ డ్యూటీ. మీ పోస్టు డ్యూటీలోనే చదివినా మేడం, (అక్కా అంటాలెండి, మేడం అంటే మీకు బాధ కదా).

ఇది దుబాయ్ విషయం ఒక్కటే కాదక్కా. మన ఊరికి రోజూ వచ్చే వేల మందికి మేమే ఆ కారిడార్ మనుషులం. ఒకాయన 300 టికెట్ తీసుకుని పోయి మధ్యాన్నానికి దర్శనం చేసుకుని వచ్చేస్తాడు, ఇంకో కుటుంబం సర్వదర్శనానికి పోయి రద్దీ రోజుల్లో ఒక పగలూ రాత్రీ కంపార్ట్‌మెంట్లో కూర్చుని కాళ్ళు వాచి వస్తారు. రెండు బకెట్ల వేడినీళ్ళు ఇద్దరికీ మేమే మోస్తాం. ఎవరు ఎట్లా చూస్తారో మాకు బాగా తెలిసిపోతుంది.

టిప్పు గురించి చెప్తా. రూము ఖాళీ చేసేటప్పుడు టేబుల్ మీద పెట్టి, బాబూ అక్కడ పెట్టినా తీసుకో అంటే అది మా పనికిచ్చిన లెక్క. తల ఎత్తుకునే తీసుకుంటాం. కూర్చోబెట్టి, జీతమెంత, పిల్లలెంతమంది, అప్పులున్నాయా అని అన్నీ అడిగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, అప్పుడు జేబులోంచి తీసి ఇస్తే మా కథకు ఇచ్చినట్టు ఉంటుంది. నేను అట్లా చెప్పిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఐదొందలు ఇచ్చినాడు ఆయన, మంచోడే. కానీ మా నాయన జబ్బు సంగతి నేను ఐదొందలకు చెప్పినట్టయింది. మీది అట్లా అని అనడం లేదు, మీరు స్నేహంగా మాట్లాడినారు. అయినా నోటు మధ్యలోకొస్తే ముందు మాట్లాడిన మాటలన్నీ వేరే రంగు పట్టేస్తాయి.

ఏం చేస్తే బాగుంటుంది అంటే, నాకు గుర్తున్నది ఒకటే. నెల్లూరు నుంచి ఒక పెద్దామె ఏటా వస్తుంది. పోయేటప్పుడు దుప్పట్లు తనే మడిచిపెడుతుంది, బాత్‌రూంలో వెంట్రుకలు తనే ఎత్తి చెత్తబుట్టలో వేసిపోతుంది. నాతో పెద్దగా మాట్లాడదు కూడా. ఆమె వచ్చిన రోజు ఆ రూము నేను పోతానంటే నేను పోతానని మా వాళ్ళు పోటీ పడతారు.

ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోకండి అక్కా. మీ ఇంట్లో పనికి వచ్చే ఆమె ఉందా? ఆమె ఏ ఊరు?

కపిలతీర్థం_రోడ్:

మీ ముగ్గురివీ నిన్న రాత్రి చదివినా, జవాబు రాయలేకపోయినా.

ఇరవై వీసా అక్కా, మీరు రాసిన ఆ ఎస్కలేటర్ మాట చదివి ఏడ్చేసినా. మీ పాపకు కూడా థ్యాంక్స్ చెప్పండి టైపు చేసినందుకు.

లాడ్జి తమ్ముడూ, నువ్వడిగింది నిన్నటి నుంచి గుచ్చుకుంటా ఉంది. మా ఇంట్లో పనికొచ్చే ఆమె ఉంది. ఏడేండ్లుగా వస్తా ఉంది. ఆమెది భాకరాపేట తట్టు అని మాత్రం తెలుసు, ఏ పల్లెనో ఈరోజు పొద్దున అడిగినా. ఆమెకు మా వంటింట్లో స్టీలు గ్లాసు ఒకటి వేరేగా ఉంటుంది, కిటికీలో బోర్లించి. మా అత్త ఉన్నప్పటి నుంచి అట్లానే, అత్త పోయి నాలుగేండ్లైనా నేను మార్చలేదు, మార్చాలని తట్టను కూడా తట్టలేదు. దుబాయ్‌లో ఎనిమిది మంది ఒక రూములో ఉంటారని విని నిద్రపోని నేను, ఆ గ్లాసు రోజూ చూస్తానే ఉండా. ఈరోజు కాఫీ అందరి గ్లాసుల్లో ఒకదాంట్లో పోసి ఇస్తే ఆమె చేతిలో పట్టుకుని "ఇది మీది కదమ్మా" అనింది. నాకు ఏం చెప్పాలో తెలీలేదు.

పాస్‌పోర్టు_లైన్:

ఆలస్యంగా చూశాను ఈ పోస్టు. నేను కొన్నేళ్ళు గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు ఫారాలు నింపే పని చేశాను, అందుకే తెలిసింది రాస్తున్నా, ఆమెకు పనికొస్తుందేమో.

మీకూ ఆమెకూ మధ్య తేడా చాలావరకు ఆ పాస్‌పోర్టులో ఒక చిన్న ముద్రలో ఉంది. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్, అంటే పనికి వెళ్ళడానికి మన ప్రభుత్వ అనుమతి అక్కర్లేనిది, కాకపోతే మామూలుగా ఈసీఆర్, అంటే ఆ అనుమతి కావాల్సినది. ఈసీఆర్ వాళ్ళు యూఏఈ, కువైట్, సౌదీ, ఖతార్ లాంటి దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందు మన ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి, ఆడవాళ్ళకైతే 30 ఏళ్ళు నిండాలి. ఆ క్లియరెన్స్ తీసుకునేటప్పుడే ప్రవాసీ భారతీయ బీమా కట్టిస్తారు, రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో ఏమైనా జరిగితే ఇంట్లోవాళ్ళకు 10 లక్షలు వస్తుంది. 80 వేలు తీసుకున్న ఆ ఏజెంటు విజిట్ వీసా మీద పంపాడంటే ఈ క్లియరెన్స్ దాటించడానికే పంపాడు. అంటే ఆ 275 రూపాయల బీమా కూడా ఆమెకు ఉండకపోవచ్చు. ఇలాంటివి ఎన్ని చూశానో, ప్రతిసారీ కడుపు రగిలిపోయేది నాకు.

యూఏఈలో కూడా కంపెనీ పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం చట్టానికి విరుద్ధమే. కానీ దయచేసి ఆమెను అడగకుండా మీరు ఎక్కడా కంప్లయింట్ పెట్టకండి. ఇక్కడ కూర్చుని మనం రాసేస్తాం, అక్కడ సూపర్‌వైజర్ ఎదురుగా నిలబడాల్సింది ఆమె. వీలైతే ఆమెకు రెండు విషయాలు చేరవేయండి. పాస్‌పోర్టు ఫోటో, వీసా ఫోటో ఫోన్లో ఉంచుకోవాలి, ఒకటి కూతురికి కూడా పంపించి ఉంచాలి. రెండోది, దుబాయ్‌లో మన కాన్సులేట్ కింద పనివాళ్ళకు సాయం చేసే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, మదద్ అని ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది, అవసరం పడితే ఇంటి నుంచి కూతురే అందులో రాయొచ్చు. ఎప్పుడు వాడాలో ఆమె ఇష్టం.

కువైటోళ్ళ_పిల్లోడు:

అక్కా, మీ కవరు గురించి నేను చెప్పాలి, ఎందుకంటే ఆ కవరు అందుకున్న పిల్లోణ్ణి నేను.

మా నాయన కువైట్లో మేస్త్రీ. 1990 ఆగస్టులో ఇరాక్ వాళ్ళు వచ్చి కువైట్‌ను పట్టుకున్నప్పుడు అక్కడే ఉన్నాడు. రెండు నెలలు మాకు ఒక్క కబురు లేదు. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయికి వచ్చినాడు, అట్లా లక్షా డెబ్బై వేల మందిని తెచ్చినారు అప్పుడు. చేతిలో ఏమీ లేకుండా వచ్చినాడు, మూడేండ్లు ఊర్లో ఉండి మళ్ళీ పోయినాడు. పోక ఏం చేస్తాడు.

ఆ రెండోసారి పోయినాక ఒకాయన మా ఇంటికొచ్చినాడు, నాయన ఇచ్చినాడని ఒక దుప్పటి, పాలపొడి డబ్బా, నాకు బ్యాటరీ కారు తెచ్చినాడు. ఆయన మా నాయన పనిచేసే సైటులో ఇంజినీరు, లీవులో వచ్చి తిరుమలకు పోతా మా ఊరికి దిగినాడు. అంత పెద్దాయన మా మట్టి అరుగు మీద కూర్చుని మా జేజి ఇచ్చిన మజ్జిగ రెండు లోటాలు తాగినాడు. మా అమ్మ అడిగింది ఎట్లుండాడు అని. "బాగుండాడమ్మా, రవంత లావైనాడు" అన్నాడు. నిజమో కాదో నాకు ఈరోజుకీ తెలీదు. మా అమ్మ మాత్రం ఆ మాట నెల రోజులు ఊరంతా చెప్పుకుంది.

కాబట్టి ఏం చెప్పాలి అని మీరు భయపడవద్దు. రూములో ఎనిమిది మంది, నాలుగున్నరకు బస్సు, అవన్నీ వాళ్ళకు తెలుసు, ఫోన్లో వింటానే ఉంటారు. వాళ్ళకు తెలీనిది ఆమె మొహం ఎట్లుంది, నడక ఎట్లుంది, నవ్వుతా ఉందా అనేది. మీరు కళ్ళతో చూసొచ్చినారు. అది చెప్పండి. పెట్టింది తినండి, హడావుడిగా లేచి రావద్దు. ఆ డబ్బా షెల్ఫ్ మీద ఉంచుకోకండక్కా, ఆ పాప ఎదురు చూస్తా ఉంటుంది, వచ్చే ప్రతి బండి వైపూ చూస్తా ఉంటుంది, నేను చూసినా కాబట్టి చెప్తా ఉండా.

కపిలతీర్థం_రోడ్:

ఆదివారం పోయొచ్చినా. పిల్లల్ని కూడా తీసుకుపోయినా, మా ఆయనే బండి తోలినాడు, భాకరాపేట ఘాట్ దాటేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అవ్వ సంగటి, చెనక్కాయల ఊరిమిండి చేసి పెట్టింది. ఆ తమ్ముడు చెప్పినట్టే అయింది, మొదట అడిగింది అదే, ఎట్లుండాది నా బిడ్డ అని. గంగ జాతర గురించి అడిగిందని, మా చిన్నోడు పారబోసిన బొరుగులు ఏరిందని, జుట్టు ముడేసుకుని ఉంటుందని, నవ్వితే ఎడమ పక్క చెంప సొట్ట పడుతుందని చెప్పినా. సొట్ట చిన్నప్పటి నుంచీ ఉండాది అని అవ్వ మనవరాలి చెంప చూపించింది. పాపకు పాస్‌పోర్టు ఫోటో విషయం, మదద్ విషయం ఒక కాయితం మీద రాసిచ్చినా. తను పదో తరగతి 540 మార్కులతో పాసైందంట, అవ్వ రెండు సార్లు చెప్పింది నాకు.

అక్కడుండగానే వీడియో కాల్ చేసినారు. బస్సులో ఉంది ఆమె, రూముకు పోతా. నన్ను చూసి "మేడం వచ్చినారా" అనింది. అవ్వ పక్కనుంచి "మేడం ఏందే, మన చంద్రగిరి బిడ్డ" అని కసిరింది. ఆమె నవ్వింది గానీ ఏమీ అనలేదు, బస్సులో సిగ్నల్ కూడా సరిగ్గా లేదు.

వచ్చేటప్పుడు పాప అడిగింది, ఆంటీ, మా అమ్మ పనిచేసే చోటు ఫోటో ఏమైనా ఉందా, అమ్మ ఎప్పుడూ రూములోంచో బస్సులోంచో మాట్లాడుతుంది, పనిలో ఫోన్ తీయనీరు అని. అరుగు మీదే కూర్చుని ఫోన్లో ఆరొందల ఫోటోలు చివరి నుంచి మొదటి దాకా చూసినా. బుర్జ్ ఖలీఫా ఉంది, ఒంటె ఉంది, మేం తిన్న ప్లేట్లు కూడా ఉండాయి. ఆమెది ఒక్కటి లేదు. ఐదు రోజులు అంత మాట్లాడి ఒక్కటి కూడా తీయలేదు నేను. ఆఖరికి మా చిన్నోడు లిఫ్ట్ దగ్గర డ్యాన్స్ చేసిన వీడియో దొరికింది, దాంట్లో వెనకాల క్లీనింగ్ బండి, దాని మీద ఆమె చెయ్యి, నీలం యూనిఫాం చేతి వరకే, నాలుగు సెకన్లు. అదే చూపించినా. పాప దాన్ని ఆపి వేళ్ళతో పెద్దది చేసి, అవ్వకు చూపించి, మళ్ళీ మొదటి నుంచి పెట్టి చూసింది. పంపించండి ఆంటీ అనింది, వాట్సాప్‌లో పంపినా.